ఏ పిస్టల్ మంచిది, బావా?

జార్జ్ టౌన్, పెనాంగ్,
ఉగాది వెళ్లిన వారం

బావా,

క్షేమంగా ఇల్లు చేరాను. నువ్వు మాత్రం మహా కులాసాగా ఉండి ఉంటావు. లేకపోతే బస్సు కదులుతుండగా కిటికీ కింద నిలబడి అంత మాట అడిగే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

నీకు చెవులు సరిగా వినపడవు కాబట్టి లోకంలో ఎవరికీ వినపడవనుకుంటావు. "భారతీ! నా ఇంటికొచ్చి ఉండిపోతావేటి? మనం పెళ్లి సేసుకుందుమా?" అని నువ్వు అరిచిన అరుపుకి క్లాంగ్ బస్ స్టాండు మొత్తం నా వైపు తిరిగింది. పక్క సీట్లో తమిళావిడ "ఎన్న సొన్నారు?" అని అడిగింది. అరటిపళ్ల ధర చెబుతున్నాడన్నాను. ఆవిడ నమ్మలేదు. ఈపో దాటేదాకా నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

నాకు యాభై ఎనిమిదేళ్లు, నీకు అరవై రెండు. మనం ఇరవైల్లో ఉండగా మీ అమ్మ కూర్మమ్మత్త ఇదే మాట అడిగితే ఇద్దరం నవ్వేసి తప్పించుకున్నాం. నువ్వు శాంతక్కని చేసుకున్నావు, సుఖంగానే ఉన్నావు, ఆవిడ పోయి ఆరేళ్లయింది. నేను ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం చేసుకుంటూ ఎవరినీ చేసుకోకుండానే రిటైరయ్యాను. ఇప్పుడు ఉన్నట్టుండి నువ్వు అడిగేశావు. ఈసారి నాకు నవ్వు రాలేదు. అందుకే భయమేసింది.

కాబట్టి ఒక షరతు. దీపావళి దాకా ఆ మాట ఎత్తకు. దీపావళికి జవాబు చెబుతాను. ఈలోగా మనం ఎప్పుడూ పోట్లాడుకునే దాని గురించే పోట్లాడుకుందాం. ఏ పిస్టల్ మంచిది, ఎందుకు మంచిది. నువ్వు నన్ను మొదటిసారి షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్లిన రోజు మొదలైన తగువు, ఇప్పటికీ తేలలేదు. ఫోన్‌లో అయితే నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. ఉత్తరాలే నయం. మన అలవాటు ప్రకారం కొట్టేసిన టార్గెట్ కాగితం వెనకే రాస్తున్నాను. తిప్పి చూసి కుళ్లుకో.

మొదటి ప్రశ్న. ఒక్క పిస్టలే ఉంచుకోమంటే ఏది ఉంచుకుంటావు?

భారతి


కువాలా సెలంగోర్,
ఏప్రిల్ నెలాఖరు

భారతీ,

షరతుకి ఒప్పుకున్నాను. ఆ మాట ఎత్తను. ఎత్తనని చెప్పడం ఎత్తడం కిందికి వస్తుందా?

టార్గెట్ తిప్పి చూశాను. కుళ్లుకున్నాను. తూటాలన్నీ యాభై సెన్ల బిళ్ల కింద దాచేయొచ్చు. పువనేశన్‌కి చూపించాను. మన రేంజ్ ఆఫీసరు ఎవరినీ మెచ్చుకునే రకం కాదు కదా. "మేడమ్ కొట్టిందా? అయితే మామూలే లా" అన్నాడు. అతని నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

ఇక నీ ప్రశ్న. సందేహమేముంది, నా సీజెడ్. స్టీలు పిస్టలు, తొమ్మిది మిల్లీమీటర్లు, మంచి బరువు. పామాయిల్ మిల్లులో ముప్పై ఏళ్లు రెంచీలు పట్టుకున్న చెయ్యి నాది. బరువు లేనిదేదైనా నా చేతికి ఉన్నట్టే తెలియదు. అందుకే ఈ కుర్రాళ్ల ప్లాస్టిక్ గ్లాక్ నాకు ఎక్కదు. బాగానే కొడుతుంది, కాదనను, కానీ పట్టుకుంటే చద్దన్నం డబ్బా పట్టుకున్నట్టుంటుంది. సీజెడ్ అలా కాదు. అరచేతిలో ఒదిగిపోతుంది. పేలినప్పుడు తన్నదు, ఒక తోపు తోసి మళ్లీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది. దానికీ నాకూ ఒక మర్యాద ఉంది.

నీ చిన్న తూటాల ట్వంటీటూ రూగర్ మాటంటావా, దాని చప్పుడు పిల్లి తుమ్మినట్టుంటుంది. చెవులకి మఫ్ పెట్టుకున్నానంటే అది పేలిందో లేదో కూడా నాకు తెలియదు. పిస్టలంటే పేలినట్టు నలుగురికీ తెలియాలి.

ఆదివారం క్లబ్బులో నా పక్క లేను, అదే నువ్వు నిలబడి కొట్టే చోటు, ఖాళీగా ఉంది. నువ్వు పెనాంగ్ వెళ్లిపోయాక కూడా అది నీ లేనే. పువనేశన్ దాన్ని ఎవరో కొత్తాయనకి ఇవ్వబోతే, అక్కడ టార్గెట్ జరిపే మోటారు సరిగా లేదని అబద్ధమాడి ఆపాను. మోటారు భేషుగ్గా ఉంది. అది ఖాళీగా ఉంటేనే నాకు బాగుంటుంది, ఖాళీగా ఉందని బాధగానూ ఉంటుంది. షరతు తప్పాననుకుంటే ఈ పేరా కొట్టేసుకుని చదువుకో.

నీ బావ
మోహన్‌రాజ్


జార్జ్ టౌన్,
మే

బావా,

పేరా కొట్టేయలేదు. కానీ ఇంకోసారి అలాంటిది రాస్తే ఉత్తరం తిప్పి పంపిస్తాను.

పిల్లి తుమ్మింది అంటావా? నీ సీజెడ్ పేలినప్పుడల్లా నువ్వు కళ్లు మూసుకుంటావు. అది నీకు తెలియదు. పక్క లేన్లో నిలబడి ఇన్నేళ్లు చూసిన దాన్ని నేను. పేలిన క్షణంలో ఏం జరిగిందో చూడనివాడికి తూటా ఎక్కడ పడిందో ఎలా తెలుస్తుంది? నా రూగర్ పేలినా కదలదు. గొట్టం చివర ఫ్రంట్ సైటు, ఆ చిన్న నల్లటి ముక్క, పేలకముందు ఎక్కడ ఉందో పేలాకా అక్కడే కనిపిస్తూ ఉంటుంది. తప్పు చేస్తే నా తప్పు నాకు కనిపిస్తుంది. నాకు అదే ఇష్టం.

నీతో ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. పిస్టల్ ఎత్తి పట్టుకున్నాక టార్గెట్‌ని చూడకూడదని నేర్పింది నువ్వే. "టార్గెట్ మసగ్గా ఉండనీ. ఫ్రంట్ సైటే సూడు. అదొక్కటే సూడు" అన్నావు. డ్యూటీలో ఎన్ని ప్రాణాలు పోయిన రోజైనా, ఇంట్లో ఎవరితో ఎంత గొడవైన రోజైనా, ఆ నల్ల ముక్క ఒక్కటీ స్పష్టంగా కనిపించి మిగతా లోకమంతా మసకబారిపోయినప్పుడు నాకు ప్రాణం కుదుటపడేది. గుళ్లో నిలబడినా నాకు అంత ప్రశాంతత దొరకలేదు. ఒక్క పిస్టలే ఉంచుకోమంటే నేను పిస్టల్ కూడా అడగను. ఆ ముక్క చూసే ఆ రెండు ఊపిరుల సమయం ఇమ్మంటాను.

ఇక్కడి క్లబ్బులో అందరూ రెడ్ డాట్లు బిగించుకుంటున్నారు. పిస్టల్ మీద ఇంత చిన్న అద్దం, అందులో ఎర్ర చుక్క. చుక్కని టార్గెట్ మీద పెట్టి నొక్కేయడమే. అది షూటింగా, టీవీ రిమోటా?

ఈ నెల టార్గెట్ అంత బాగా లేదు. వెక్కిరించకు.

భారతి


కువాలా సెలంగోర్,
జూలై

భారతీ,

వెక్కిరించను. పాఠం చెబుతాను.

నీ టార్గెట్ కిటికీ అద్దానికి అంటించి, వెలుగులో పెట్టి చూశాను. తూటా రంధ్రాల గుంపు విడిపోలేదు, కానీ మొత్తం గుంపు ఎడమ పక్కకి, కిందికి జారింది. కుడిచేత్తో కొట్టేవాళ్లకి ఎడమ కింద పడ్డాయంటే కారణం ఒక్కటే, ట్రిగ్గర్‌ని నొక్కడం మానేసి లాగేస్తున్నారు. మరి కొండలా కదలకుండా నిలబడే భారతి ట్రిగ్గర్ ఎందుకు లాగుతుంది? మనసు నిలకడగా లేకపోతేనే లాగుతుంది. మనసు ఎందుకు నిలకడగా లేదు? షరతు ఉంది కాబట్టి కారణం రాయను. కానీ టార్గెట్ చూసినప్పుడల్లా మీసం దువ్వుకుంటున్నానని మాత్రం తెలుసుకో.

పాఠం ఏమిటంటే, ఊపిరి సగం వదిలి ఆపు. వేలి మొదటి కణుపు మాత్రమే ట్రిగ్గర్ మీద ఉంచు. ఎప్పుడు పేలుతుందో నీకే తెలియకూడదు. తూటాలు లేకుండా రోజూ కాసేపు గోడకి ఎదురుగా సాధన చేద్దామంటే మన పిస్టళ్లు క్లబ్బు బీరువాలోనే ఉండాలాయె. చెంచా పట్టుకుని చెయ్యి. నేను చేస్తాను. మొన్న మా అబ్బాయి తినేశ్ సైబర్‌జయ నుంచి వచ్చి, నేను చెంచాతో గోడకి గురిపెట్టడం చూసి బెదిరిపోయాడు. వాడి తెలుగు తెలుసు కదా, "నాయనా, నీకు లోన్లీ అయిపోయింది లా. భారతి అత్తని పిలు, కమ్ అండ్ స్టే అని సెప్పు" అన్నాడు. అడిగానని, షరతు పెట్టిందని చెప్పాను. వాడు నవ్వి నవ్వి సోఫాలో పడ్డాడు. తరవాత లేచి వచ్చి నా భుజం పట్టుకుని, "గుడ్ నాయనా" అన్నాడు. వాడికి అభ్యంతరం లేదని నీకు తెలియాలని రాశాను, ఇంకేం కాదు.

దురియన్లు వచ్చాయి. పాత అలవాటుకొద్దీ రెండు కొన్నాను. ఒకటి తిన్నాను. రెండోది ఇల్లంతా కంపు కొట్టి, చివరికి పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను. నువ్వు ఉంటే గింజ కూడా మిగిలేది కాదు. నువ్వు లేవని రోజుకి ఎన్నిసార్లు గుర్తొస్తుందో రాస్తే నువ్వు ఉత్తరం తిప్పి పంపిస్తావు, కాబట్టి దురియన్‌తో ఆపుతున్నాను.

మోహన్‌రాజ్


జార్జ్ టౌన్,
ఆగస్టు

బావా,

నాకు ట్రిగ్గర్ నేర్పకు. మీసం దువ్వుకోవడం ఆపు.

రెడ్ డాట్ గురించి తొందరపడి మాట్లాడాను. ఇక్కడి సభ్యుడొకరు తన పిస్టల్ ఇచ్చి కొట్టి చూడమన్నారు. అంత చెడ్డదేం కాదు. చుక్క బాగా మెరుస్తుంది. ఇక నుంచి రెడ్ డాటే మంచిదని నా అభిప్రాయం. నీ సీజెడ్ పాతకాలపు ఇనుము.

టార్గెట్ కాగితాలు అయిపోయాయి, అందుకే తెల్ల కాగితం మీద రాస్తున్నాను. పెన్ను కూడా మంచిది దొరకలేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

భారతి


కువాలా సెలంగోర్,
ఆగస్టు

భారతీ,

ఇది ఉత్తరమా, టెలిగ్రామా? పేజీకి నాలుగు లైన్లు, ఒక్కో అక్షరం వేపకాయంత. గోడ మీద నినాదాలు రాసే పెన్నుతో రాశావు. కోపమొస్తే మామూలు పెన్నుతోనే తిట్టొచ్చు కదా.

సరే, సూటిగా అడుగుతాను. ఆ సభ్యుడెవరు?

మే నెలలో టీవీ రిమోటన్న మనిషివి, ఆగస్టుకల్లా రెడ్ డాటే మంచిదంటున్నావు. ఫ్రంట్ సైటు కోసం ప్రాణమిచ్చే మనిషివి. నేను పదేళ్లు బతిమాలినా నా సీజెడ్‌తో ఒక్క మ్యాగజైన్ తూటాలు కూడా కొట్టని మనిషివి. ఎవరో పిస్టల్ ఇస్తే పుచ్చుకుని కొట్టేశావు. అతని చేతిలోంచి నీ చేతిలోకి. పైగా "కొట్టి చూడమన్నారు" అని బహువచనం. ఆయన మర్యాదస్తుడే అయి ఉంటాడు. చెవులు కూడా బాగా వినపడుతూ ఉంటాయి.

రాసింది చదువుకుంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ కొట్టేయను. ఈ వయసులో ఈ ఉడుకుమోతుతనం నాలో ఉందని నాకే తెలియదు. ఆదివారం గుండ్లన్నీ ఎక్కడెక్కడో పడ్డాయి. పువనేశన్ వచ్చి, "అన్నా, ఈ రోజు టార్గెట్‌ని కొట్టినావా, ఫ్రేమ్‌ని కొట్టినావా?" అన్నాడు.

నీకు రెడ్ డాటే నచ్చితే నా సీజెడ్ మీద కూడా ఒకటి బిగించుకుంటాను. నీకు నచ్చినదాన్ని నేర్చుకోలేనంత ముసలివాణ్ని కాలేదు. పెరటి వైపు గదికి కొత్త రంగు వేయించాను. అందులోంచి నది కనిపిస్తుంది, సాయంత్రం మిణుగురులు కనిపిస్తాయి. ఆ గదిలో కూర్చోడానికి నాకు మనసొప్పదు. నువ్వు వచ్చి ముందు కూర్చోవాలి.

షరతు తప్పాను. ఉత్తరం తిప్పి పంపించుకో.

మోహన్‌రాజ్


జార్జ్ టౌన్,
సెప్టెంబరు

బావా,

ఆ మర్యాదస్తుడి పేరు జయరామ్. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. డెబ్బై దాటాయి. భార్య ప్రతి శనివారం ఆయనతో క్లబ్బుకి వచ్చి, బయట బెంచీ మీద కూర్చుని నేతి అరిసెలు తిని వెళుతుంది, నాకూ పెడుతుంది. ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?

నీ ఉత్తరం చదువుతూ పడీ పడీ నవ్వాను. ఇంతగా నవ్వి చాలా రోజులైంది. తరవాత ఏడుపొచ్చింది.

దీపావళి దాకా ఆగడం ఎందుకు? జవాబు ఇప్పుడే చెప్పేస్తున్నాను. వద్దు బావా. నేను రాను. కారణం అడగకు. నీ మీద కోపం లేదు, వేరే ఎవరూ లేరు. నా రూగర్‌ని క్లబ్బుకి అప్పగించేశాను. లైసెన్సు కూడా పొడిగించుకోను. ఏ పిస్టల్ మంచిదనే తగువులో నువ్వే గెలిచావనుకో.

ఆ గదిలో నువ్వు కూర్చో. రంగు వేయించిన గదిని ఊరికే ఉంచకూడదు. పక్క లేను కూడా ఎవరికైనా ఇవ్వమని పువనేశన్‌తో చెప్పు.

భారతి


కువాలా సెలంగోర్,
సెప్టెంబరు

భారతీ,

నీకు ఫ్రంట్ సైటు కనిపించడం లేదు కదూ?

మోహన్‌రాజ్


జార్జ్ టౌన్,
అక్టోబరు

బావా,

కనిపించడం లేదు.

ఎలా కనిపెట్టావో నాకు తెలుసు. రెడ్ డాట్ మాట రాసినప్పుడే నీకు అనుమానం రావాల్సింది. జయరామ్‌ గారి మీద అసూయ అడ్డొచ్చి ఇన్నాళ్లు పట్టింది.

నా కంట్లో నట్టనడి భాగం పాడైపోతోంది. చుట్టుపక్కల చూపు అలాగే ఉంది, మధ్యలో మచ్చ పడింది. ఎడమ కంట్లో ముందే వచ్చింది, ఇప్పుడు కుడి కన్ను. నేను దేన్ని సూటిగా చూస్తే అది మాయమవుతుంది. పక్కన ఉన్నవి మాత్రం కనిపిస్తాయి. నువ్వు ఎడమ పక్కకి జారిందన్న ఆ గుంపు ఉంది చూడు, అది ట్రిగ్గర్ లాగడం వల్ల కాదు. నేరుగా చూస్తే సైటు పోతోందని, పక్కకి చూస్తూ అంచనాతో కొట్టాను. నువ్వేమో చెంచా పట్టుకోమన్నావు. చదివి కోపమొచ్చింది, నీ మీసాన్ని తలుచుకుని నవ్వూ వచ్చింది. రెడ్ డాట్ మెరుస్తుంది కాబట్టి కొన్నాళ్లు పనికొచ్చింది. తరవాత అదీ మచ్చలో కలిసిపోయింది.

ఆఖరి శనివారం నా తూటా జయరామ్‌ గారి టార్గెట్‌లో పడింది. ఇన్నేళ్లలో పక్కవాళ్ల టార్గెట్‌ని నేనెప్పుడూ తాకలేదు. ఆయన నవ్వేసి, "పరవాలేదమ్మా, నాకు పది పాయింట్లు దానం సేసినావు" అన్నారు. నేను మ్యాగజైన్ తీసి, స్లైడు వెనక్కి లాగి, తూటా కూర్చునే గది ఖాళీ అని రేంజ్ ఆఫీసరుకి చూపించి, పిస్టల్ బల్ల మీద పెట్టాను. పద్ధతి ప్రకారమే అంతా చేశాను. బయటికొచ్చి జయరామ్‌ గారి భార్య ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చాను.

కంట్లో ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఉన్న చూపు తొందరగా పోకుండా ఆపడానికే, పోయినదాన్ని తేవడానికి కాదు. నేను కళ్ల వార్డులో పనిచేసిన మనిషిని బావా, రాబోయేదేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. భార్యని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చే మొగుళ్లని ఎందరినో చూశాను. మొదటి ఏడాది ఎంతో ప్రేమగా పట్టుకుంటారు. తరవాత తరవాత చెయ్యి పట్టుకునే తీరు మారిపోతుంది, సంచీ మోస్తున్నట్టు పట్టుకుంటారు. నువ్వు నన్ను అలా పట్టుకోవడం నేను భరించలేను. ఇన్నేళ్లు నీ పక్క లేన్లో నీతో సమానంగా నిలబడ్డాను. నన్ను అలాగే గుర్తుంచుకో.

కారణం అడగకు అన్నాను, అయినా నిజం కారణమే చెప్పేశాను. ఇంకేం అడగకు.

ఒక్కటి మాత్రం దాచను. రావాలని ఉంది. బస్సు కిటికీ కింద నువ్వు అరిచిన రోజునుంచీ రావాలనే ఉంది.

భారతి


కువాలా సెలంగోర్,
అక్టోబరు

భారతీ,

నీ ఉత్తరం చదివి నది ఒడ్డుకి వెళ్లి కూర్చున్నాను. తిరిగొచ్చి మళ్లీ చదివాను. కోపం తగ్గలేదు, కోపంతోనే రాస్తున్నాను.

ఉగాదికి బస్ స్టాండులో నేను ఎందుకు అరిచాను? చెవులు పోయాయి కాబట్టి. ఫోన్‌లో నీ గొంతు గుర్తుపట్టలేని మనిషి నిన్ను పెళ్లికి అడిగాడు. చెవిటివాడితో ఎలా వేగేదని ఆరు నెలల్లో ఒక్కసారైనా రాశావా? రాయలేదు. వెక్కిరించావు, షరతు పెట్టావు, ఉత్తరాలు రాశావు. నా చెవులు మనకి అడ్డం కాలేదు. నీ కళ్లు మాత్రం అడ్డమా? ఏం, నీకున్న పెద్ద మనసు నాకు లేదనుకున్నావా?

చెయ్యి పట్టుకునే తీరు మారిపోతుందన్నావు. దానికి అబద్ధం చెప్పను. శాంత చివరి రెండేళ్లు మంచంలో ఉంది. నేనే చూసుకున్నాను. అలసిపోయాను. కొన్నిసార్లు విసుక్కున్నాను కూడా, ఆవిడా నన్ను విసుక్కుంది. కానీ ఆవిడ లేకపోతే హాయిగా ఉండేదని ఒక్క పూట కూడా అనుకోలేదు. పోయాక తెలిసింది, ఆ అలసట కూడా కాపురమేనని. ఇప్పుడు ఈ ఇంట్లో నాకు అలసట లేదు. విసుక్కోడానికి మనిషి లేదు. ఇదేం బాగుంది చెప్పు?

నేను నీ మీద జాలిపడటం లేదు భారతీ. నేను నిన్ను కోరుకుంటున్నాను. నా కోసం కోరుకుంటున్నాను, నీ కోసం కాదు. వంట బాగా చేస్తావని కాదు, నీ వంట నాకు తెలుసు. నేను పేలినప్పుడల్లా కళ్లు మూసుకుంటానని ఇన్నేళ్లలో చెప్పినదానివి నువ్వొక్కదానివే. నన్ను అంత పరీక్షగా చూసిన మనిషి ఇంకెవరూ లేరు.

క్లబ్బుకి వస్తే వద్దువుగాని, లేకపోతే లేదు. నువ్వు కొట్టకపోతే నేను కొడతాను, నువ్వు వెనక బెంచీ మీద కూర్చుని నా సీజెడ్‌ని తిట్టు. చప్పుడు వినే చెప్పగలవు నువ్వు, నేను ట్రిగ్గర్ లాగానో నొక్కానో. పువనేశన్‌కి సంగతి చెప్పాను. "మేడమ్ లేను ఎవరికీ ఇవ్వను అన్నా. మోటారు బాగోలేదని నేనే సెప్తాను" అన్నాడు. నా అబద్ధం అతనికి మొదటి రోజే తెలుసట.

జవాబు మార్చుకోమని అడగను. కానీ వద్దు అన్న మాట మచ్చ చెప్పిందా, నువ్వు చెప్పావా, అది ఆలోచించుకో. రావాలని ఉందని రాశావు. నాకు ఆ ఒక్క లైను చాలు, దాన్ని పట్టుకుని ఎన్నాళ్లైనా కూర్చుంటాను. కానీ నీకు కనిపించే రోజులు అయిపోతున్నాయి. వాటిని ఆ ఫ్లాట్ గోడలు చూస్తూ ఎందుకు ఖర్చు పెట్టడం?

నీ బావ
మోహన్‌రాజ్


జార్జ్ టౌన్,
దీపావళి ముందు వారం

బావా,

నీ ఉత్తరం నేను చదువుకోలేకపోయాను. జయరామ్‌ గారి భార్య చదివి పెట్టింది. శాంతక్క గురించి రాసిన చోట ఆవిడే ఆగిపోయి కళ్లు తుడుచుకుంది. అయిపోయాక కాగితం మడిచి, "ఇలాటి మనిసిని ఆపి ఉంచినావేటమ్మా, ఏటి నీ బుద్ధి?" అని నన్ను నిజంగానే తిట్టింది. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఓపిగ్గా చదువుకో.

వద్దన్న మాట చెప్పింది నేను కాదు, భయం. వార్డులో చూసినవాళ్లందరినీ నీ మీద రుద్దాను. వాళ్లెవరూ నువ్వు కారు, నేనూ వాళ్ల భార్యల్లాగా నోరు మూసుకుని నడిచే దాన్ని కాను. సంచీలా పట్టుకున్నావంటే అక్కడే నడిరోడ్డు మీద తిడతాను. వినపడేలా తిడతాను.

వస్తున్నాను. చూసిపోవడానికి కాదు, ఉండిపోవడానికే. కళ్ల డాక్టరుకి చెప్పి కాగితాలు క్లాంగ్ ఆస్పత్రికి మార్పించుకున్నాను. ఫ్లాట్ తాళాలు తమ్ముడికి ఇచ్చేస్తున్నాను. పెట్టెలు నేనొక్కదాన్నే మోసుకోలేను, వచ్చి తీసుకెళ్లు. ఆదివారం పొద్దున్నే బటర్‌వర్త్ దాకా రైల్లో రా, అక్కణ్నుంచి ఫెర్రీ ఎక్కు. ఇవతలి ఒడ్డున, జనం బయటికి వచ్చే చోట నిలబడి ఉంటాను. ఆకుపచ్చ చీర కట్టుకుంటాను. నేను నిన్ను వెతకలేను, నువ్వే నన్ను వెతుక్కోవాలి.

డాక్టరు ఎంతకాలమో చెప్పడం లేదు. ఏడాదో, రెండేళ్లో. ఈలోగా నేను చూడాలనుకునేవి పెద్దగా ఏం లేవు. నీ మొహం చూడాలి, అంతే. కాబట్టి ఒక్క మాట జాగ్రత్తగా విను. నన్ను చూడగానే నీకున్న తొందర కొద్దీ నా ఎదురుగా వచ్చి నిలబడతావు. అలా నిలబడకు. ఎదురుగా ఉంటే నీ మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. నాకు కాస్త కుడి పక్కగా వచ్చి నిలబడు. కదలకు, అరవకు. నేను నీ వైపు తిరగకపోతే చూడటం లేదని అనుకోకు. నిన్నే చూస్తూ ఉంటాను.

భారతి